ఇంటి బోరు: వినకూడని సలహాలు, వాటి ఖరీదు

బోరు వేయించాలనుకున్నవాళ్లు మొదట అడిగేది "అడుగు ఎంత?" అని. ఆ రేటు ఏ ఏజెంటునడిగినా చెప్తాడు. ఒక బోరు బండికీ ఇంకో బండికీ పెద్ద తేడా ఉండదు. ఇంటి బోరు ఖర్చు చేయి దాటిపోయేది బండి చుట్టూ చేరినవాళ్లు ఆ పూట చెప్పే మాటల వల్ల. నాందేడ్ జిల్లా సగరోళిలో, బిలోలి, దేగలూరు తాలూకాల్లో, మాంజ్రా నది దాటి బోధన్ వైపు ఊళ్లలో ఈ మాటలన్నీ ఒకటే తీరు. కొన్ని తెలుగులో వినిపిస్తాయి, కొన్ని మరాఠీలో, చాలాసార్లు రెండూ కలిసిపోయి. చెప్పేది కాకలు, మామలు, బావమరదులు. మన మేలు కోరేవాళ్లే కాబట్టి కాదనలేం. ఏ మాట ఎంత ఖర్చు పెట్టిస్తుందో ముందే తెలిస్తే కాదనడం కాస్త తేలికవుతుందని ఇది రాస్తున్నాను.

"ఇంకో వంద కొట్టనీ. నీళ్లు కిందనే ఉంటయి."

అన్నిటికంటే ఖరీదైన సలహా ఇదే కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

నాందేడ్ జిల్లాలో చాలా భాగం దక్కన్ నల్లరాయి, అంటే బసాల్టు. బిలోలి, దేగలూరు వైపు వచ్చేసరికి తెలంగాణలో కనిపించే గ్రానైటు తేలుతుంది. ఈ రెండు రాళ్లలో నీళ్లు ఉండే తీరు వేరు. బసాల్టు పొరమీద పొరగా పరుచుకున్న లావా. ఒక పొరకూ ఇంకో పొరకూ నడుమ, బుడగలు బుడగలుగా ఉన్న రాతిలో నీళ్లు దొరుకుతాయి, ఒక్కోసారి కాస్త లోతున కూడా. గ్రానైటులో పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ల రాయి, అడుగున గట్టి బండ. నీళ్లుండేది మొరంలోనూ పగుళ్లలోనూ. కిందికి పోయినకొద్దీ పై బరువుకు పగుళ్లు బిగుసుకుంటాయి, తక్కువవుతాయి కూడా. మూడు వందల అడుగుల లోపు పడని నీళ్లు ఆరు వందల్లో పడటం అసాధ్యమని అనను. కానీ ప్రతి వంద అడుగులకూ ఆ ఆశ తగ్గుతుంది, అడుగు రేటు మాత్రం పెరుగుతుంది. "నాందేడ్‌లో మా బావమరిదికి ఐదు వందల్లో పడ్డది" అని ఎవరైనా అంటే, ఆ బావమరిది ఇల్లున్నది ఏ రాతి మీదో ముందు అడగండి.

రేటు పెరగడం ఎలా ఉంటుందంటే, మొదటి మూడు వందల అడుగులకు ఒక ధర, ఆపై ప్రతి వందకూ ఒక మెట్టు. లెక్క కోసం మొదటి మూడు వందలకు అడుగు 100 రూపాయలు, నాలుగో వందకు 110, ఐదో వందకు 130, ఆరో వందకు 160 అనుకుందాం. 250 అడుగుల దగ్గర ఆపితే 25,000. ఆరు వందల దాకా పోతే 30,000, 11,000, 13,000, 16,000 కలిపి 70,000. లోతు రెండున్నర రెట్లకు చేరకముందే ఖర్చు దాదాపు మూడు రెట్లయింది. ఇది తవ్వకం ఒక్కటే. కింద దొరికిన నీళ్లు పైకి రావాలంటే అంత పొడవు పైపు, అంత పొడవు కేబులు, అంత ఎత్తుకు తోసే మోటరు కావాలి. ఆ మోటరు కరెంటు బిల్లు నెలనెలా వస్తూనే ఉంటుంది.

అసలు ఇంటికి ఎన్ని నీళ్లు కావాలి? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. "రెండించుల నీళ్లు పడాలె" అంటారు. ఆ ఇంచుల లెక్క పైపు వెడల్పుది అనుకుంటాం కానీ, అది వీ ఆకారంలో కోసిన రేకు మీదుగా పారే నీటి ఎత్తు. తొంభై డిగ్రీల కోత ఉన్న రేకు మీద ఒక ఇంచు ఎత్తున పారితే గంటకు దాదాపు 500 లీటర్లు. ఒకటిన్నర ఇంచులయితే 1,400. రెండించులు పారితే దాదాపు 2,900. ఇంచులు రెట్టింపైతే నీళ్లు ఐదు రెట్లు దాటుతాయి. అందుకే "ఒక్క ఇంచే పడ్డది, ఫెయిలు" అన్న మాట వినగానే నాకు మనసు చివుక్కుమంటుంది. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. గంటకు 500 లీటర్లిచ్చే బోరు ఆ నీళ్లను అరగంట దాటగానే ఇచ్చేస్తుంది. రెండు గేదెలుంటే ఇంకో నూట యాభై లీటర్లు కలుపుకోండి. ఇప్పటికీ గంట కాలేదు.

కొద్ది నీళ్ల బోరైనా చాలునని మరాఠ్వాడాకు ఒకప్పుడు బాగా తెలుసు. జాల్నాలో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ మిషన్ వర్క్‌షాపువాళ్లు బోరు మీద గట్టిగా నిలిచే చేతిపంపు తయారుచేశారు. షోలాపూర్‌లో స్వీడన్ మిషనరీ ఆస్కర్ కార్ల్‌సన్ దాన్ని మెరుగుపరిచాడు. ఆ పని మీదే 1970ల చివర ఇండియా మార్క్-2 పంపు వచ్చింది. దేశమంతా, తర్వాత ఆఫ్రికా దాకా పోయింది. అప్పటి ప్రభుత్వ లెక్కలో అలాంటి ఒక్క చేతిపంపు 250 మందికి. నిమిషానికి పన్నెండు లీటర్లు ఇస్తే చాలు, ఆ బోరు పాసయినట్టే. 250 మందికి సరిపోయిన నీళ్లు ఐదుగురికి చాలవని మూడు వందల అడుగులు ఎక్కువ తవ్వించడం ఎంత అన్యాయమో చూడండి.

ఇంకో లెక్క. ఆరున్నర ఇంచుల బోరులో ఒక అడుగు ఎత్తున నీళ్లు నిలిస్తే అది ఆరున్నర లీటర్లు. వంద అడుగుల మేర నిలిస్తే 650 లీటర్లు. రాత్రంతా చెమ్మగా ఊరి నిండే బోరు కూడా పొద్దున్నే ఇంటికి సరిపడా నీళ్లతో సిద్ధంగా ఉంటుంది. అలా ఊరే బోరును ఫెయిలని వదిలేసి పక్కన ఇంకోటి వేయించిన ఇళ్లున్నాయి. రెండో బోరు నీళ్లు లాగేది చాలాసార్లు ఆ మొదటి పగులులోంచే.

కాబట్టి బండి పిలవకముందే ఎక్కడ ఆపాలో ఇంట్లో కూర్చొని తేల్చుకోవాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒప్పుకున్న లోతు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. రాత్రి పదకొండు గంటలప్పుడు, లైట్ల వెలుగులో, హామర్ దడదడల మధ్య, చుట్టూ పదిమంది "కొట్టనీ, కొట్టనీ" అంటుంటే ఎవరి బుద్ధీ నిలవదు. డబ్బు నీళ్లయిపోయేది ఆ గంటలోనే.

"పిండి ఏం చూస్తవ్, నీళ్లు పడితే అదే తెలుస్తది."

ఈ మాట విని పక్కకు పోయి కుర్చీలో కూర్చోకండి. బోరు దగ్గర యజమాని చేయాల్సిన పని ఇదొక్కటే, అదీ దగ్గరుండి చూడటం. హామర్ రాయిని కొడుతుంటే కంప్రెసర్ గాలికి రాతి పిండి పైకి లేస్తుంది. మొదటి రాడ్డుకు ఎర్రమట్టో నల్లమట్టో వస్తుంది. తర్వాత పసుపు తిరిగిన మొరం, చేతిలో నలిపితే అభ్రకం మెరుస్తుంది. గట్టి రాయి తగిలాక బూడిద రంగో గులాబీ రంగో పొడి, ముఖానికి పౌడరు రాసినంత మెత్తగా. చుట్టుపక్కల ఆరేసిన బట్టలన్నీ తెల్లబడతాయి. చెమ్మ తగిలిన చోట పొగ ఆగిపోయి పిండి ముద్దలు ముద్దలుగా పడుతుంది. పగులు దాటితే హామర్ ఒక్కసారి జారినట్టు దిగుతుంది, చప్పుడు మారుతుంది.

ఒక గోనె పట్టా పరిచి, రాడ్డు రాడ్డుకూ గుప్పెడు పిండి వరసగా పెట్టించండి. చాలా బండ్లకు రాడ్డు పొడవు ఇరవై అడుగులు. మొదలుపెట్టకముందే టేపుతో ఒక రాడ్డు కొలిచి, దిగినకొద్దీ గోడ మీద సుద్దతో గీత గీస్తూ పోతే బిల్లులో లోతు గురించి గొడవే ఉండదు. మొరం ఎక్కడ అయిపోయిందో పట్టా మీద కనిపిస్తుంది, బోరు గోడ కూలకుండా దించే పైపు, అంటే కేసింగు, ఎంత కావాలో అదే చెప్తుంది. మొదటి చెమ్మ ఎన్నో రాడ్డుకు తగిలిందో రాసుకోండి. రేపు మోటరు ఎక్కడ వేలాడదీయాలో తేల్చడానికి ఆ అంకె కూడా కావాలి.

"కేసింగు ఇరవై చాలు. మిగతాది దండగ."

కేసింగు మీద మిగిల్చిన డబ్బు ఏ ఇంట్లోనూ మిగలదు. మొరం యాభై అడుగులుంటే కేసింగు దాన్ని దాటి గట్టి రాయిలో కూర్చోవాలి. అడుగు 350 అనుకుంటే, ఇరవైకి బదులు అరవై వేయించినందుకు 14,000 ఎక్కువవుతుంది. నిజమే, పెద్ద మొత్తమే. వేయించకపోతే మొదటి వానాకాలంలో మొరం జారుతుంది. మోటరు దాని కింద ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న మోటరును గుంజి తీయించే కూలీ, తెగిన పైపు, కేబులు, మళ్లీ ఫ్లషింగు చేసేందుకు వచ్చే బండి, అన్నీ కలిపితే ఆ పద్నాలుగు వేలు ఎప్పుడో దాటిపోతాయి. కొన్ని మోటర్లు అసలు బయటికే రావు.

కేసింగుకూ బోరు గోడకూ నడుమ సందు ఉంటుంది. అందులో బండివాళ్లు అక్కడి పిండే తోసి పోతారు. పై నాలుగైదు అడుగులు సిమెంటుతో మూయించండి. బయటి మురుగు ఆ సందులోంచే లోపలికి దిగేది. ఒక బస్తా సిమెంటు కూడా పట్టదు.

"బోరు ఈశాన్యంలోనే ఉండాలె."

వాస్తు నమ్మేవాళ్ల నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈశాన్యం మూల అవతల పక్కింటివాళ్ల పాయిఖానా గుంత ఉందేమో చూడకుండా అక్కడే బోరు దించడం పిల్లలకు చేసే అపకారం. మంచినీటి బావికీ మురుగు గుంతకూ కనీసం పదిహేను మీటర్లు, అంటే యాభై అడుగులు ఎడం ఉండాలని ప్రజారోగ్య పుస్తకాలు చెప్తాయి. చిన్న స్థలాల్లో అంత దూరం దొరకడం కష్టం. దొరికినంతలో గుంతకు ఎగువన, వీలైనంత దూరంగా పెట్టండి. ఈశాన్యంలో నీళ్లుండాలని అత్తగారు పట్టుబడితే అక్కడ నీళ్ల సంపు కట్టించవచ్చు. అది కూడా నీళ్లే.

"ఇల్లు కట్టినంక చూద్దాం" అన్నది దీనికి తోడు. బోరు బండి లారీ, కంప్రెసర్ లారీ ఒకదాని పక్కన ఒకటి నిలబడాలి. ప్రహరీ లేచాక, స్లాబు పడ్డాక అవి లోపలికి రావు. అప్పుడు బండి ఎక్కడ నిలబడగలిగితే అక్కడే బోరు. నీళ్లున్న చోటూ ఉండదు, ఈశాన్యమూ ఉండదు. పునాది తీయకముందే వేయించుకుంటే ఇల్లు కట్టడానికి ట్యాంకర్ల డబ్బు కూడా మిగులుతుంది.

"పాణాడ్యా చెప్పిండంటే పడాల్సిందే."

పాణాడ్యా అంటే నేల కింద నీళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పేవాడు. కొబ్బరికాయ అరచేతిలో లేచి నిలబడటం, వేపపుల్ల తిరగడం చూసినవాళ్లకు అది అబద్ధమని చెప్తే కోపమొస్తుంది. పుల్ల పట్టినవాళ్లలో చాలామంది మోసగాళ్లు కారని నేనూ ఒప్పుకుంటాను. పుల్ల తిరుగుతోందని వాళ్లు నిజంగానే నమ్ముతారు. 1980ల చివర జర్మనీలో మ్యూనిక్ దగ్గర దీన్ని గట్టిగానే పరీక్షించారు. ఐదు వందల మందిని చూసి, అందులో నేర్పరులనుకున్న 43 మందిని ఎంచి, ఒక కొట్టంలో కింది అంతస్తున నీటి పైపును అటూ ఇటూ జరుపుతూ పై అంతస్తులో వాళ్లను నడిపించి, పైపు ఎక్కడుందో చెప్పమన్నారు. 843 సార్లు చేశారు. చేయించినవాళ్లు కొందరికి శక్తి ఉందన్నారు. అవే అంకెలను అమెరికా శాస్త్రవేత్త ఎన్‌రైట్ మళ్లీ లెక్కగట్టి, గుడ్డిగా చెప్పినదానికీ దీనికీ తేడా లేదని తేల్చాడు.

మన దగ్గర పాణాడ్యా మాట నిజమవుతున్నట్టు ఎందుకు కనిపిస్తుంది? పల్లంలో, మొరం లోతుగా ఉన్న నేలలో ఎక్కడ వేసినా ఎంతో కొంత నీరు పడుతుంది కాబట్టి. అతను చూపించినా పడుతుంది, చంటిపిల్లాడు వేలు పెట్టి చూపించినా పడుతుంది. పడనప్పుడు మాత్రం "ఇంకో రెండడుగులు పక్కకు జరిగితే పడేది" అంటారు. ఆ రెండడుగుల కోసం రెండో బోరు.

భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు కరెంటు పంపి నేల నిరోధం కొలిచే పరీక్ష చేస్తారు. పొలానికి అది మంచి దారి. నేలలో గుచ్చే కడ్డీల నడుమ చాలా దూరం కావాలి, కాబట్టి ఊరి నడుమ ఇరుకు స్థలాల్లో అది సరిగ్గా కుదరదు. ఇంటి బోరుకు అన్నిటికంటే నమ్మదగిన సర్వే మీ వాడలోనే ఉంది. చుట్టుపక్కల ఇళ్లకు పోయి నాలుగు సంగతులు అడగండి: మీ బోరు ఎంత లోతు, నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయి, కేసింగు ఎంత, మే నెలలో ఎన్ని నిమిషాలు పోస్తుంది. మూడో ప్రశ్న ఎవరూ అడగరు, నాలుగోదానికి నిజం చెప్పేది ఇంటి ఆడవాళ్లు. నీళ్లు పట్టేది వాళ్లే కదా. పాత చేదబావి ఉంటే అందులోకి తొంగి చూడండి. మొరం ఎక్కడిదాకా ఉందో దాని గోడలే చూపిస్తాయి. భూగర్భ జలాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ భూజల సర్వేక్షణ యంత్రణ వాళ్ల ఆఫీసు నాందేడ్‌లో ఉంది. సగరోళిలోనే 1959లో పుట్టిన సంస్కృతి సంవర్ధన్ మండల్ కింద కృషి విజ్ఞాన కేంద్రం నడుస్తోంది. ఈ నేల సంగతి తెలిసినవాళ్లు అక్కడ దొరుకుతారు.

"వానలు పోయినంక వేయించు, రేటు తక్కువ."

రేటు తక్కువన్నది నిజం. అక్టోబరులో భూమంతా తడిసి ఉంటుంది, పైపైనే రెండించులు పడి అందరూ కొబ్బరికాయలు కొడతారు. ఏప్రిల్‌లో అదే బోరు గాలి వదులుతుంది. మే నెలలో కాస్త ఎక్కువిచ్చి వేయించిన బోరులో పడినవే ఏడాది పొడుగునా ఉండే నీళ్లు. ఎండాకాలం ఏరు ఆదుకుంటుందన్న నమ్మకమూ వద్దు. 2016 ఏప్రిల్‌లో లాతూర్‌కు మిరజ్ నుంచి రైలులో నీళ్లు తెచ్చినప్పుడు ఎండిపోయింది ఇదే మాంజ్రా మీది డ్యాం. ఎగువన అది ఎండినా, సింగూరు, నిజాంసాగర్ డ్యాములు నీళ్లు వదలకపోయినా ఇక్కడ మన ఏటి ఇసుక ఆరిపోతుంది. ఏటి ఒడ్డున ఇసుకను లారీలు తోడుకుపోతున్న ఊళ్లలో పరిస్థితి ఇంకా కష్టం. వానను పట్టి నిలిపేది ఆ ఇసుకే. "ఏరు పక్కనే ఉంది, నీళ్లకేం కొదువ" అన్న ధీమాతో లోతూ కేసింగూ తేల్చుకోకండి.

"మోటరు పెద్దదే వెయ్యి, మళ్లీ మళ్లీ కొనం."

గంటకు 500 లీటర్లు ఊరే బోరులో గంటకు మూడు వేల లీటర్లు లాగే మోటరు దించితే, అది నిలిచి ఉన్న నీళ్లు దాదాపు పావుగంటలో లాగేసి ఆ తర్వాత గాలిలో తిరుగుతుంది. మోటరు చల్లబడేది నీళ్లతోనే. నీళ్లు లేకపోతే కాలిపోతుంది. నీళ్లు ఒక్కసారిగా దిగిపోయి మళ్లీ ఎక్కుతుంటే పగుళ్లలోంచి మట్టి కూడా కొట్టుకొస్తుంది.

బోరు కొట్టిన రోజే కంప్రెసర్ గాలితో నీళ్లు తోస్తున్నప్పుడు ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి ఫోనులో సెకండ్లు చూడండి. నిమిషానికి బకెట్టు నిండితే గంటకు 1,200 లీటర్లు. కనీసం గంటసేపు తోయించాక కొలిచిందే లెక్క, మొదటి పొంగు కాదు. ఆ అంకె, నీళ్లు తగిలిన లోతు చెప్పి మోటరు కొనండి. బోరు అడుగు నుంచి పది పదిహేను అడుగులు పైనే వేలాడదీయండి. నీళ్లు అయిపోతే దానంతటదే ఆగే పరికరం స్టార్టరులో పెట్టించండి. ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటే చిన్న మోటరు, చిన్న బోరు రెండూ చాలు.

"నీళ్లు తీయగున్నయి. పరీక్షెందుకు?"

ఫ్లోరైడుకు రుచి లేదు, నైట్రేటుకూ లేదు. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, తెలుగువాళ్ల ఎద్దుల్లోనూ మనుషుల్లోనూ. తర్వాత నల్లగొండ పేరు దేశమంతటికీ తెలిసింది. రెండూ గ్రానైటు నేలలే. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ దిగుతుంది, అవి చాలాసార్లు లోతు నీళ్లే. ఇంకో వంద కొట్టించడానికి ఒప్పుకోకపోవడానికి నాకు ఇంకో పెద్ద కారణం ఇది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరులో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారే లేకపోతే 1.5 వరకు. నైట్రేటు 45 దాటకూడదు. దాటిన నీళ్లతో పాలు కలిపి పట్టిస్తే చంటిపిల్లల రక్తానికి ప్రమాదం. కాచినా ఈ రెండూ పోవు. బోరు వేసిన నెలలో ఒకసారి, మొదటి వానల తర్వాత ఒకసారి సీసాలో పట్టి జిల్లా నీటి ల్యాబులో ఇవ్వండి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకు పరీక్ష పెట్టె వాడటం నేర్పారు, గ్రామపంచాయతీలో అడగండి. ఫ్లోరైడు ఎక్కువని తేలితే బోరు నీళ్లు స్నానాలకు, గిన్నెలకు వాడుకుని తాగడానికి నల్లా నీళ్లు పట్టుకోండి. బోరు ఉంది కదా అని నల్లా కనెక్షను వదులుకోకండి.

"మేడ మీది వాన పైపు బోరులో పెట్టెయ్, నిండిపోతది."

ఆలోచన మంచిది, చేసే తీరు చెడ్డది. మేడ మీది దుమ్ము, పావురాల రెట్ట, ఎండుటాకులు అన్నీ నేరుగా మనం తాగే పగులులోకి పోతాయి, కొన్నాళ్లకు పగులే మూసుకుపోతుంది. బోరుకు కాస్త దూరంగా గుంత తీసి కింద పెద్ద రాళ్లు, మీద కంకర, ఆ మీద ఇసుక పరిచి మొదటి వాన నీళ్లు బయటికి పోనిచ్చి తర్వాతి నీళ్లు అందులోకి మళ్లించండి. వంద చదరపు మీటర్ల మేడ మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. ఐదో వంతు పోయినా 64,000 మిగులుతాయి. మనం లెక్కగట్టిన ఐదుగురి ఇంటికి అది 230 రోజుల నీళ్లు. అన్నీ మన బోరులోకే వస్తాయని ఎవరూ చెప్పలేరు, ఊరి భూమిలోకైతే వస్తాయి. ఆరో వందకు ఇచ్చే 16,000 ఈ గుంతకు పెట్టండి, మేస్త్రీ కూలీతో కలిపి చాలావరకు సరిపోతుంది. వాడిన నీళ్లు ఇంకడానికి శోష్‌ఖడ్డా వేరే ఉండాలి. మన జిల్లాలోనే హిమాయత్‌నగర్ తాలూకా టెంభుర్ణి ఇంటింటికీ శోష్‌ఖడ్డా తవ్వి మోరీలు లేకుండా చేసుకున్న ఊరు. ఆ గుంత మాత్రం బోరుకు దూరంగా ఉండాలి.

"ఫెయిలైందా? రాయి పెట్టి రా, రేపు చూద్దాం."

2020 మే నెలలో ఇదే మాంజ్రా ఎగువన, మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో ఒక కుటుంబం పొలంలో బోర్లు వేయించింది, నీళ్లు పడలేదు. మూత పెట్టని బోరులో ఆ సాయంత్రమే మూడేళ్ల పిల్లవాడు పడి చనిపోయాడు. రేపటికి వాయిదా వేయడానికి వీల్లేదు. 2010లో సుప్రీంకోర్టు చెప్పినవి పెద్ద ఖర్చు పనులు కావు: తవ్వే 15 రోజుల ముందు అధికారులకు చెప్పడం, తవ్వేటప్పుడు చుట్టూ ముళ్లతీగ కంచె, కేసింగుకు బిగించిన మూత, ఫెయిలైన బోరును అడుగు నుంచి పైదాకా మట్టితో, రాళ్లతో పూడ్చడం. కేసింగు పైపు గుంజుకుని అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయని చెప్పేవాళ్లుంటారు. గుంజాక మిగిలేది మూత పెట్టడానికి కూడా వీల్లేని గుంత. బండి ఊరు దాటకముందే మూత బిగించాలని, అప్పటిదాకా చివరి ఐదు వేలు ఇవ్వనని ఏజెంటుతో ముందే మాట్లాడుకోండి.

అనుమతి సంగతీ ఇక్కడే. ఊరి తాగునీటి బావికి 500 మీటర్ల లోపు కొత్త బావి తవ్వాలంటే అనుమతి కావాలని మహారాష్ట్ర 1993లోనే చట్టం చేసింది. దాని స్థానంలో వచ్చిన 2009 నాటి భూజల చట్టం 60 మీటర్లు దాటినదాన్ని లోతు బావిగా లెక్కగడుతుంది. "ఇంటి బోరుకు ఎవరడుగుతరు" అనే మాట వినకుండా గ్రామపంచాయతీలో కాగితం పెట్టండి.

"ఎవరి బోరు వాళ్లకుండాలె. రేపు కొట్లాటలొస్తయి."

ఒకే వాకిట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు బోర్లు వేయించుకున్న ఇళ్లు ఈ తాలూకాలో ఎన్నో ఉన్నాయి. ముప్పై అడుగుల ఎడంలో మూడు బోర్లు లాగేది ఒకే పగులులోని నీళ్లు. ఎక్కువ లోతున్నవాడికి ఎక్కువ, మిగతా ఇద్దరికి గాలి. అప్పుడు వాళ్లూ లోతు పెంచుతారు. గంటకు 500 లీటర్ల బోరు రోజుకు ఆరు గంటలు నడిస్తే 3,000 లీటర్లు. మనం వేసిన లెక్కలో పది ఇళ్లకు సరిపోతాయి, ముగ్గురన్నదమ్ములకు పశువులతో సహా మిగులుతాయి. లక్ష ఖర్చయ్యే బోరు తలా 33,000కు వస్తుంది. కొట్లాటలొస్తాయన్న భయం నిజమే, కాబట్టి నీళ్లు పడకముందే స్టాంపు కాగితం మీద రాసుకోండి: బోరు ఎవరి స్థలంలో ఉన్నా ముగ్గురికీ హక్కు, మీటరు ఎవరి పేరు మీద, బిల్లు ఎలా పంచుకోవాలి, మోటరు కాలితే వైండింగు డబ్బు ఎంతెంత, స్థలం అమ్మితే కొన్నవాడికి ఈ మాట వర్తిస్తుందా, ఎండాకాలం ఎవరికి ఏ పూట. చివరిది ఆడవాళ్లను కూర్చోబెట్టి రాయించండి. సంతకాల్లో వాళ్ల సంతకాలూ ఉండాలి.